కలిసొచ్చిన ఫైలు

"అవుట్ ఆఫ్ మెమరీ" అనే డబ్బా మా అంగట్లో కంప్యూటర్ తెర మీద మొదటిసారి వచ్చి కూర్చున్నప్పుడు మా ఓనరన్న ఊదుబత్తి ముట్టించినాడు. అబద్ధం కాదు, నా కళ్లతో చూసినా. మానిటర్ చుట్టూ తిప్పి, కళ్లకద్దుకోని, "ఇప్పుడు ప్రింటు కొట్టుమ్మా" అన్నాడు. కొట్టినా. మళ్లీ అదే డబ్బా. దాంట్లో ఓకే అని ఒకే ఒక బటన్ ఉంటుంది. మెమరీ లేదంట, దానికి మనం ఓకే అనాలంట! ఒప్పుకోను పో అని కొట్టడానికి ఇంకో బటనే లేదు. నొక్కీ నొక్కీ నాకు విసుగొచ్చింది గాని దానికి రాలేదు.

ఇది తొంభైల చివరి మాట. నంద్యాలలో గాంధీచౌక్ పక్క సందులో మాది పెళ్లికార్డుల అంగడి. మాది అంటాండా గాని నాదేం కాదు, నేను ఆడ ఆపరేటర్ని. కార్డు మీద మాటలు కంప్యూటర్లో కొట్టి, బొమ్మలు పెట్టి, పేజీ కట్టి ప్రింటు తీసిస్తే, దాన్ని పట్టుకోని పోయి ప్రెస్సులో కార్డుల మీద అచ్చు వేయించేవాళ్లు. నా ఇల్లు ఆళ్లగడ్డలో. మా ఆయనకు డోన్‌లో లారీల మీద పని, ఇంటికి ఎప్పుడొస్తాడో ఆయనకే తెలీదు. నాకొక కూతురు, అప్పుడప్పుడే బడికి పోతాండేది. పొద్దున దానికి జడ వేసేంత టైము కూడా నాకుండేది కాదు, పక్కింటి పెద్దమ్మ వేసేది. సాయంత్రం అంగడి మూసి, బస్టాండుకు ఉరికి, శిరివెళ్ల దాకా నిలబడి, ఇల్లు చేరేసరికి అది అన్నం తిని పండుకోని ఉండేది. ఆదివారం తప్ప నా బిడ్డ మొహం నేను వెలుతుర్లో చూసింది లేదు. ఆ ఆదివారం కూడా సగం చర్చికే సరిపోయేది.

ఓనరన్నకు ఇదంతా తెలుసు. తెలుసు కాబట్టే ఆశ పెట్టినాడు. "ఆళ్లగడ్డలో బ్రాంచి పెడతానమ్మా. దాంట్లో నువ్వు తప్ప ఇంకెవరు కూర్చుంటారు? ఈ పాత కంప్యూటర్ ఆడికి పంపిచ్చి ఈడికి కొత్తది తెస్తా. నువ్వు ఇంటికాడ నుంచి నడిచిపోవచ్చు" అన్నాడు. ఒకసారి గాదు, ఆళ్లగడ్డ గిరాకీ ఎవరొచ్చినా వాళ్ల ముందర అనేవాడు. నాకింకేం కావాల? బస్సులో కమ్మీ పట్టుకోని నిలబడి అదే తలుచుకుంటాంటి. బడి విడిచేయాళకు లేచిపోయి బిడ్డను తోలుకొచ్చుకుంటా. పక్కన స్టూలేసి కూర్చోబెడతా. అది పలక మీద రాసుకుంటాంటే నేను కార్డులు కొట్టుకుంటాంటా. ఇంత చిన్న కోరిక, ఎవరి సొమ్మూ అడగలేదు. దానికి అడ్డమొచ్చి పడింది ఆ డబ్బా. ఎందుకంటే ఓనరన్న ఇంకో మాట కూడా అనేవాడు. "ఈ మిషన్ సతాయించకుండా మాఘమాసం సీజన్ దాటించు, బ్రాంచి నీదే."

ఆ డబ్బా ఎందుకొచ్చిందో తెలియాలంటే మా ఫైలు సంగతి చెప్పాల. మా అంగట్లో పెళ్లికార్డులన్నీ ఒకే ఫైల్లో ఉండేవి. ఓనరన్న అంగడి తెరిచినప్పుడు చేసిన మొదటి కార్డు ఉంది చూడు, ఆ కార్డు తర్వాతనే అంగడి ఎత్తుకుందంట. అందుకని అది కలిసొచ్చిన ఫైలు. ఇంక ఎవరి పెళ్లయినా దాంట్లోనే పడాల. గిరాకీ వస్తే వాళ్ల బంధువుల కార్డు ఏదన్నా దాంట్లో వెదికి, ఆ పేజీ మాదిరే ఇంకో పేజీ చేసి, పేర్లు మార్చి, ముహూర్తం మార్చి సేవ్ కొట్టాల. పాతదాన్ని మాత్రం చెరపగూడదు. ఇంటికొచ్చిన పెళ్లికార్డును ఎవరన్నా చించుతారా? పొయ్యిలో వేస్తారా? నాలుగు మూలలా పసుపు పూసిన కాగితమది, ఏ దేవుని గూట్లోనో బీరువా మీదో పెడతారు. ఆ జంటకు కీడు జరగగూడదని. మా క్రైస్తవుల ఇండ్లల్లో పసుపు ఉండదు గాని చించే అలవాటు మాకూ లేదు, బైబిల్లో పెట్టేస్తాం. ఓనరన్న ఆ నియమాన్ని తీసుకొచ్చి కంప్యూటర్లో పెట్టినాడు. కీబోర్డులో డిలీట్ అని ఉంటుందే, దాని మీద పసుపు బొట్టు పెట్టినాడు, పొరపాటున కూడా నా చెయ్యి దాని మీద పడగూడదని.

ప్రతి కార్డుకూ వినాయకుడు కావాల. కలశం, అరటిచెట్లు, సన్నాయి మేళం కావాల. వాళ్ల ఇలవేల్పు మహానందీశ్వరుడైతే ఆయన, అహోబిలం స్వామి అయితే ఆయన. ప్రతి పేజీలో మళ్లీ మళ్లీ అవే బొమ్మలు. ఫైలు తెరిచినప్పుడల్లా అంగడి పెట్టినప్పటి నుంచి జరిగిన పెళ్లిళ్లన్నీ ఒక్కసారిగా లేచి కూర్చోవాల. పేజీలు కట్టే ఆ సాఫ్ట్‌వేర్ కూడా ముసలిదే. కొత్తది వేస్తే మా తెలుగు చెదిరిపోయి ఒత్తు ఒక దిక్కు, దీర్ఘం ఒక దిక్కు పడేవి. అందుకని ఆ పాతదాన్నే పట్టుకోని వేలాడినాం.

మొదట ప్రింటు కొట్టినప్పుడు వచ్చేది ఆ డబ్బా. మిషన్ ఆపి మళ్లీ వేస్తే పోయేది. తర్వాత సేవ్ కొట్టినా వచ్చేది. ఆ తర్వాత ఫైలు తెరవంగానే. నేను చేయని పని లేదు. తెర వెనకాల ఓనరన్న పెట్టుకున్న దేవుని బొమ్మ తీసేసినా, అది కూడా మెమరీ తింటుందని. దాని మీద ఒక పంచాయితీ. వాడని అక్షరాల ఫాంట్లు పక్కన పెట్టినా. ఉత్తుత్తి ఫైళ్లు ఊడ్చినా. పొద్దున్నే రాంగానే ఇంకేమీ తెరవకుండా మొదట దాన్నే తెరిస్తే ఒక్కోసారి తెరుచుకునేది. అప్పుడింక సాయంత్రం దాకా దాన్ని మూసేది లేదు, కరెంటు పోగూడదని యేసయ్యను తలుచుకుంటా పని చేసేదాన్ని. కరెంటు పోయేది. ఎందుకు పోదు?

నాకు సంగతి అర్థమైంది ఇంకో ఫైలు వల్ల. క్రైస్తవుల పెళ్లికార్డులు, తురకోళ్ల పెళ్లికార్డులు ఓనరన్న ఆ కలిసొచ్చిన ఫైల్లో పెట్టనిచ్చేవాడు కాదు. "వాళ్లవి వేరేగా పెట్టమ్మా, కలపొద్దు" అనేవాడు మెల్లగా, నేనేదో అనుకుంటానేమో అని. అనుకోకుండా ఎట్లుంటా? నా పెళ్లి కార్డు కూడా కొట్టుంటే ఆ పక్క ఫైల్లోకే పోయేది. కానీ ఆ పక్క ఫైలు ఎన్నడూ సతాయించలేదు. నొక్కితే తెరుచుకునేది, ప్రింటు అంటే ప్రింటు. అదే మిషన్, అదే సాఫ్ట్‌వేర్. తేడా ఒక్కటే, ఆ ఫైలు చిన్నది.

"అన్నా, ఫైలు బరువైపోయింది. పాత కార్డులు తీసి వేరేగా పెడదాం. ఆ పక్క ఫైలు చూడు, యెంత బాగా తెరుచుకుంటాందో" అని చెప్పినా.

"దాంట్లో ఏముందమ్మా బరువు? దేవుళ్లా, దేవతలా?" అన్నాడు.

నవ్వాల్నో ఏడవాల్నో తెలీలేదు. నిజానికి ఆయన మాట కొంతవరకూ కరెక్టే, దేవుళ్ల బొమ్మలే బరువు. కానీ ఆ సంగతి నా నోటితో ఎట్లా అంటా?

ఓనరన్న బామ్మర్దికి కంప్యూటర్లు తెలుసని పేరు. ఆయన కర్నూలు నుంచి వచ్చి మిషన్ విప్పి, "బావా, ర్యామ్ చాలదు" అని తీర్పిచ్చి, కొత్త ర్యామ్ తెప్పిచ్చి వేసినాడు. ఆ పొద్దు ఫైలు తెరుచుకుంది. బామ్మర్దికి బిర్యానీ తెప్పిచ్చినారు. వారం తిరక్కముందే డబ్బా మళ్లీ వచ్చింది. అప్పుడు తప్పెవరిది? ర్యామ్ కొత్తది, బామ్మర్ది తెలిసినోడు, ఫైలు కలిసొచ్చింది. ఇంక మిగిలింది నేనే కదా. "యేం నొక్కుతాండావో ఏందో మ్మా, కొంచెం నిదానంగా నొక్కు" అన్నాడు ఓనరన్న. నిదానంగా నొక్కితే మెమరీ మిగులుతుందంట! ఒళ్లు మండిపోయింది నాకు. అయినా బ్రాంచి గుర్తొచ్చి ఊరుకున్నా.

మాఘమాసం వచ్చింది. అంగడి ముందర బెంచీ ఖాళీ లేదు. ఒక మధ్యాహ్నం ఓనరన్న అన్నానికి ఇంటికి పోయినాడు. బెంచీ మీద రుద్రవరం పెద్దాయన ఒకాయన, కూతురి పెళ్లి పెట్టుకున్నోడు, పొద్దున్నుంచి కూర్చోని ఉండాడు. "అమ్మా, మా బస్సు పోతుంది. ఈరోజు అచ్చుకియ్యకపోతే కార్డులు ఎప్పుడొస్తాయి, నేను ఎప్పుడు పంచేది?" అంటాండాడు. ఆయన గొంతులో కోపం కూడా లేదు, భయం. నేను ఓకే నొక్కుతాండా, మూస్తాండా, తెరుస్తాండా. ఇంక నావల్ల కాలేదు.

కలిసొచ్చిన ఫైలును ముట్టుకోలేదు. దానికి ఒక కాపీ తీసి, అసలుదాన్ని వేరే ఫోల్డర్లో భద్రంగా పెట్టినా. మిషన్ ఆపి మళ్లీ వేసి, కాపీని తెరిచి, దాంట్లో పాత పేజీలన్నీ తీసేసినా. ఎవరి పెళ్లిళ్లో, ఎప్పటివో. కొత్తవి నాలుగైదు పేజీలుంచి సేవ్ కొట్టినా. ఇంక అయిపోయిందిలే అని ప్రింటు నొక్కితే మళ్లీ అదే డబ్బా! ఫైలు సైజు చూస్తే ఉన్నది ఉన్నట్టే ఉంది, ఒక వీసం తగ్గలేదు. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. పేజీలు లేవు, బరువు మాత్రం ఉంది. యాడికి పోయినట్టు అవి?

యాడికీ పోలేదు. అన్నీ నొక్కి చూస్తే అప్పుడు తెలిసింది నాకు, ఆ ముసలి సాఫ్ట్‌వేర్ సేవ్ అంటే కొత్తగా చేసిన మార్పును తోకకు తగిలించుకునేది, అంతే. తీసేసినవి కూడా లోపల అట్లనే దాచిపెట్టుకునేది. సేవ్ కాకుండా సేవ్ యాజ్ అని వేరే పేరుతో పెడితే గాని, ఉన్నదాన్ని మాత్రమే కొత్తగా రాసుకోదు. వేరే పేరు పెట్టినా. ఫైలు ఫ్లాపీలో పట్టేంత అయింది. ప్రింటు కొడితే సర్రుమని వచ్చింది కాగితం. రుద్రవరం పెద్దాయన దాన్ని రెండు చేతులా పట్టుకోని, నాకు దండం పెట్టి బస్టాండుకు ఉరికినాడు.

ఆ సీజన్‌లో మళ్లీ డబ్బా రాలేదు. ఓనరన్న పేజీలు చూసుకునేది లేదు, బయట గిరాకీతో మాటల్లోనే ఉంటాడు. "చూసినావా మ్మా, మావోడు వేసిన ర్యామ్ కుదురుకున్నట్టుంది" అన్నాడు. అవునన్నా అన్నా. ఆయన మెప్పు నాకెందుకు? నాకు కావాల్సింది ఆళ్లగడ్డ. సీజన్ దాటించు అన్నాడు, దాటించినా. ఆళ్లగడ్డలో రూము కూడా చూసినారు, మా ఇంటికి నాలుగు సందుల అవతల. నేను బిడ్డకు చెప్పేసినా, "ఇంక మీ బడికి నేనే వస్తా" అని. అది నమ్మలేదు. అట్లని అరవలేదు, అలగలేదు, ఊరికే నమ్మలేదు.

వైశాఖంలో సంజామల నుంచి ఒకామె వచ్చింది, చిన్నకూతురి పెళ్లికార్డుకు. పాత గిరాకీ. ఓనరన్న మర్యాదగా కూర్చోబెట్టి, "పెద్దపాప కార్డు మాదిరే చేద్దామా అక్కా?" అన్నాడు.

"వద్దన్నా. అది మాత్రం వద్దు" అనింది ఆమె. "ఆ పెండ్లి నిలబడలేదు. మొగుని దెబ్బలు తట్టుకోలేక పిల్ల ఇంటికొచ్చేసింది, మాఘమాసం పోయినాక."

ఓనరన్న మొహం మాడిపోయింది. ఎన్నడూ కంప్యూటర్ ముట్టనోడు నా పక్కకొచ్చి, "ఆ పాప కార్డు యాడుందో చూపీమ్మా" అన్నాడు. ఆయనే మౌసు లాక్కోని పేజీలు తిప్పినాడు. ఈ సీజన్ పేజీలు దాటంగానే అయిపోయినాయి.

"మిగతావి యాడమ్మా?"

"ఉండాయన్నా, వేరే ఫోల్డర్లో భద్రంగా ఉండాయి. ఫైలు బరువైందని..."

"చెరిపినావా?"

"చెరపలేదన్నా, చూపిస్తా ఉండు" అని, ఆ అసలు ఫైలు మీద నొక్కినా. తెర మీద ఇసుక గడియారం బొమ్మ తిరిగింది, తిరిగింది. నేను లోపల ఎంత వేడుకున్నానో ఆ దేవునికే తెలుసు. వచ్చింది డబ్బా. అవుట్ ఆఫ్ మెమరీ. దాని కింద ఓకే.

"చెరిపేసినావు" అన్నాడు ఓనరన్న. "ఇన్నేండ్ల పెండ్లిళ్లు చెరిపేసినావు. నీకేం తెలుస్తాదిలేమ్మా పసుపు సంగతి. మీకు ఆ పట్టింపుండదు."

దానికన్నా ఆ సంజామలామె చూసిన చూపే నన్ను ఎక్కువ కాల్చింది. ఆమె నా మీద అరవలేదు. మెల్లగా, "ఎందుకు చెరిపినావమ్మా మా పిల్లది?" అనింది. అంతసేపూ ఆమె మొహంలో ఉన్న బరువు ఆ మాటతో కొంచెం దిగినట్టు నాకు కనపడింది. అల్లుడు ఎట్లాంటోడో చూడకుండా ఇచ్చినామే అని కుమిలిపోతాండే మనిషికి, తప్పు పెట్టడానికి నేను దొరికినా.

"మీ అల్లుడు ఎప్పటి నుంచి కొడతాండాడక్కా?" అని అడిగేసినా. నా నోరు ఊరుకోలేదు.

"పెండ్లైన నెల నుంచి" అనింది ఆమె, అలవాటుగా, ఆలోచించకుండా.

"నేను ఫైలు ముట్టింది మొన్న మాఘంలో. మొన్న నేను చేసిన పనికి ఆయన అప్పటి నుంచి ఎట్లా కొట్టినాడు?"

"నోరు కూడా ఎక్కువే" అన్నాడు ఓనరన్న. ఆమె కండ్లు తుడుచుకోని లేచింది. కార్డు వేరే అంగట్లో చేయించుకునింటుంది. నేను తప్పు చేయలేదు, ఆ రోజు చేయలేదు, ఈ రోజు అడిగినా అదే చెప్తా. కానీ ఆమె అడిగిన ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో నుంచి పోదు, పాడు చెవులు.

పనిలో నుంచి తీసేయలేదు నన్ను. తీసేస్తే కార్డులు కొట్టేదెవరు? "బ్రాంచికి బోణీ నీ చేత్తో వద్దులేమ్మా" అని మాత్రం అన్నాడు, చాలా నెమ్మదిగా, నా మంచికే చెప్తాండట్టు. ఇక్కడ ఒక విచిత్రం చెప్పాల. అంత అపచారం చేసినానే, ఆ కలిసొచ్చిన ఫైలుకు మళ్లీ పోదామని ఆయన ఒక్కరోజు అనలేదు. నేను చేసిన చిన్న ఫైల్లోనే పని నడుస్తాండాది, సతాయించకుండా. కీడు నాది, ఫైలు ఆయనది.

శ్రావణంలో ఆళ్లగడ్డ బ్రాంచి తెరిచినారు. బామ్మర్ది కర్నూలు నుంచి సంసారంతో సహా ఆళ్లగడ్డకు దిగినాడు. నన్ను పిలవలేదు, పిలిచినా పోయేదాన్ని కాదు. నేను పొద్దున ఆ అంగడి ముందర నుంచే నడిచి, నంద్యాల బస్సెక్కుతాంటి. మూసిన షట్టరు మీద కుంకుమ బొట్లు ఇంకా ఆరనే లేదు.

వారం పోయినాక ఓనరన్న, "మావోనికి ఆడ తెరుచుకోవడం లేదంటమ్మా, పెద్ద ఫైలు తీసుకపోయినాడు. నీ చిన్న ఫైలు ఫ్లాపీలో వేసుకోని పోయి ఇచ్చిరా. నీ దోవలోనే కదా. ఈ పొద్దు బేగా పో" అన్నాడు. నేను చెరిపేసినానన్న ఫైలే అది! అయినా వేసినా. మధ్యాహ్నం బస్సు ఖాళీగా ఉండేది, కిటికీ పక్కన సీటు. ఎండలో ఆ దోవ అంతా కనపడతాంది. ఫ్లాపీని బయటికి విసిరేద్దామా అని శిరివెళ్ల దాకా అనుకుంటానే వచ్చినా, విసర్లేదు.

నేను పోయేసరికి బామ్మర్ది షట్టరు సగం దించి, స్కూటర్ తీస్తాండాడు. "ఇయ్యక్కా ఇయ్యి, బేగా ఇయ్యి. మా పాప బడి విడిచే టైమాయె" అన్నాడు. జేబులో వేసుకోని పోయినాడు. చెడ్డోడేం కాదు. ఆ గంటలో పిల్ల కోసం లేచిపోవచ్చని అతనికి ఎవరూ చెప్పాల్సిన పని లేదు, అంతే. ఆ బడి, నా బిడ్డ పోయే బడి ఒకటే.

నేనూ నడిచిపోయి గేటు కాడ నిలబడినా. గంట కొట్టినారు. పిల్లలంతా ఎగురుకుంటా వచ్చి ఎవరోళ్ల మీద వాళ్లు పడతాండారు. బామ్మర్ది కూతురు ఉరికొచ్చి స్కూటర్ ముందర ఎక్కి నిలబడింది. నా కూతురు సంచి భుజానికేసుకోని, తల వంచుకోని ఒక్కతే వస్తాంది. తలెత్తి నన్ను చూసింది. ఉరికి రాలేదు. ఉన్నచోటనే నిలబడిపోయింది, మొహం తెల్లగా పాలిపోయి. నేనే దగ్గరికి పోయినా.

"మా, నాయనకేమన్నా అయిందా?" అనింది.